పైసా రాని ఆట... పనికొచ్చే పాఠం!

ఫైనలియర్‌కి రాగానే చాలామంది మొదట వదిలేసేది ఆటే. ‘ప్లేస్‌మెంట్స్ టైమ్‌లో గ్రౌండ్‌కి వెళ్లడమేంటి?’ అని ఇంట్లో అంటారు, ఫ్రెండ్సూ అంటారు. మీరూ నిజమే కదా అనుకుంటారు. కానీ అమెరికాలో కొన్ని చిన్న కాలేజీల అమ్మాయిలు స్కాలర్‌షిప్ రాకపోయినా, ఆటతో ఉద్యోగం దొరకదని తెలిసినా చదువుతోపాటు లాక్రోస్ ఆడతారు. వాళ్ల లీగ్ ఎలా నడుస్తుంది? అందులో ఉద్యోగాల వేటలో ఉన్న మీకు పనికొచ్చేదేంటి? తెలుసుకుందాం.

ఏమిటీ లాక్రోస్?

చివర చిన్న వల ఉన్న కర్రతో రబ్బరు బంతిని అందుకుని, విసిరి, గోల్ చేయడమే లాక్రోస్. ఉత్తర అమెరికా మూలవాసుల నుంచి వచ్చిన ఆట ఇది. మహిళల లాక్రోస్ 1890లో స్కాట్లండ్‌లోని సెయింట్ లియోనార్డ్స్ స్కూల్లో మొదలైంది. అమెరికా కాలేజీల్లో ఒక్కో జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి 12 మంది. పురుషుల ఆటలోలా ఒంటితో ఢీకొట్టడం కుదరదు. వేగం, పాసింగ్, తెలివి... వీటితోనే గెలవాలి.

ఈ ఆట 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఆరుగురు ఆడే పద్ధతిలో తిరిగి వస్తోంది. క్రికెట్‌తోపాటు దీన్ని చేర్చుతూ నిర్ణయం తీసుకున్నది 2023 అక్టోబరులో, మన ముంబయిలో జరిగిన సమావేశంలోనే.

పదకొండు కాలేజీల లీగ్

కాన్ఫరెన్స్ అంటే ఇక్కడ మీటింగ్ కాదు. తమలో తాము ఆడుకోవడానికి కొన్ని కాలేజీలు కలిసి ఏర్పాటు చేసుకున్న లీగ్. అలాంటిదే న్యూ ఇంగ్లండ్ స్మాల్ కాలేజ్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్. అందరూ ‘నెస్కాక్’ అంటారు. ఆమ్‌హర్స్ట్, బోడిన్, వెస్లియన్, విలియమ్స్ కాలేజీలు 1955లో కుదుర్చుకున్న ఒప్పందం దీనికి పునాది. 1971లో కాన్ఫరెన్స్ ఏర్పడింది. ఇప్పుడు ఇందులో ఐదు రాష్ట్రాలకు చెందిన 11 సంస్థలున్నాయి. చాలావాటిలో విద్యార్థులు మూడు వేల లోపే.

చిన్నవి కదా అని తీసిపారేయొద్దు. వెర్మాంట్ రాష్ట్రంలోని మిడిల్‌బరీ కాలేజీ 2022, 2023, 2024లో వరసగా డివిజన్-3 జాతీయ మహిళల లాక్రోస్ టైటిల్ గెలిచింది. కనెక్టికట్‌లోని ట్రినిటీ కాలేజీ 2012లో విజేత.

చదువు ముందు... ఆట తర్వాత

ఈ లీగ్‌లో ఆటల విధానం కాలేజీ ప్రెసిడెంట్ల చేతిలో ఉంటుంది. సీజన్ ఎప్పుడు మొదలవ్వాలి, ఎన్ని మ్యాచ్‌లు ఆడాలి అన్నవాటికి హద్దులున్నాయి. చదువుకు అడ్డొస్తుందన్న ఆలోచనతో 1993 వరకూ జట్లను జాతీయ టోర్నీలకే పంపలేదు! ఇప్పుడు పంపుతున్నా, చదువుకే ముందు చోటన్న సూత్రం మారలేదు.

అయినా అమ్మాయిలకు తీరిక దొరుకుతుందనుకోకండి. ఫిబ్రవరిలో ప్రాక్టీస్ మొదలయ్యేసరికి అక్కడ ఇంకా మంచే. కాన్ఫరెన్స్‌లో మిగతా పది జట్లతోనూ ఆడాలి. మెయిన్‌లోని కోల్బీ నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని హామిల్టన్‌కు వెళ్లాలంటే రోడ్డు మీద ఆరు గంటలకు పైనే. నాకౌట్ మ్యాచ్‌లూ, సెమిస్టర్ చివరి పరీక్షలూ దాదాపు ఒకే సమయంలో వచ్చిపడతాయి. ‘టైమ్ మేనేజ్‌మెంట్’ అని మనం రెజ్యూమెలో ఒక్క మాటలో రాసేది వీళ్లకు నాలుగేళ్ల అలవాటు.

స్కాలర్‌షిప్ మాట నమ్మేముందు...

ఇంట్లో ఇంటర్ చదివే చెల్లో తమ్ముడో ఉంటే ఈ సంగతి తప్పక చెప్పండి. అమెరికాలో ఎన్‌సీఏఏ కింద కాలేజీల ఆటలు మూడు డివిజన్లుగా ఉంటాయి. డివిజన్-1, 2లో ఆటను బట్టి స్కాలర్‌షిప్‌లు ఇవ్వొచ్చు. నెస్కాక్ ఉన్న డివిజన్-3లో ఇవ్వకూడదు. ‘స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి’ అని ఏ కన్సల్టెన్సీ అయినా అంటే, మీ మొదటి ప్రశ్న ‘ఏ డివిజన్?’ అన్నదే కావాలి. డివిజన్-3 అయితే ఆ మాట అబద్ధమే.

డివిజన్-3 కాలేజీల్లో సాయం అసలు ఉండదని కాదు. చదువును బట్టి కొన్నిచోట్ల, కుటుంబ ఆర్థిక అవసరాన్ని బట్టి మరికొన్నిచోట్ల ఇస్తారు. ఆమ్‌హర్స్ట్, బోడిన్ కాలేజీలు విదేశీ విద్యార్థుల విషయంలోనూ ఫీజు కట్టే స్తోమత చూడకుండా ఎంపిక చేసి, సీటు వచ్చినవారికి అవసరం మేరకు సాయం చేస్తాయి. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. దరఖాస్తు వివరాలు కాలేజీ అధికారిక వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలి.

గోల్ ఒక్కటే లెక్క కాదు

మహిళల లాక్రోస్ స్కోర్‌షీట్‌లో గోల్స్‌తోపాటు ఇంకొన్ని లెక్కలుంటాయి. మధ్యలో వేసిన బంతిని ఎన్నిసార్లు తమ జట్టుకు దక్కించారు, నేల మీద దొర్లే బంతిని ఎన్నిసార్లు ఎత్తారు, ప్రత్యర్థి చేతిలోంచి ఎన్నిసార్లు పోగొట్టారు... అన్నీ ప్లేయర్ పేరు మీద రాస్తారు. గోల్ కొట్టనివాళ్ల కష్టం కూడా అంకెల్లో కనిపిస్తుంది.

మీ రెజ్యూమెకు కావాల్సింది సరిగ్గా ఇదే. ‘నేను కెప్టెన్‌ని కాదు, మెడల్ రాలేదు, ఏం రాయను?’ అని ఆగిపోకండి. మీ లెక్క మీరే తీయండి.

* ‘మంచి టీమ్ ప్లేయర్‌ని’ అని వదిలేయొద్దు. ‘మూడేళ్లు కాలేజీ ఖోఖో జట్టులో ఉన్నాను, వారానికి ఐదు రోజుల ప్రాక్టీస్, ఒక్క బ్యాక్‌లాగ్ లేదు’ అన్నది నిజమైతే అలాగే రాయండి.
* ఆటే కానక్కర్లేదు. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో ఎంతమందికి భోజనం ఏర్పాట్లు చూశారు, కాలేజీ ఫెస్ట్‌కు ఎంత బడ్జెట్ లెక్క చూశారు... అంకె వేయండి.
* ఓడిన సందర్భం ఒకటి సిద్ధంగా పెట్టుకోండి. తర్వాత ఏం మార్చుకున్నారో రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. హెచ్‌ఆర్ ఇంటర్వ్యూల్లో తరచూ వచ్చే ప్రశ్నే ఇది.
* చేయనిది రాయొద్దు. ‘ఏ పొజిషన్‌లో ఆడేవారు?’ అన్న ఒక్క ప్రశ్నతో దొరికిపోతారు.

నెస్కాక్ లీగ్‌లో ఆడే అమ్మాయిలు డిగ్రీ పూర్తయ్యాక దాదాపు అందరూ వేరే పనుల్లోకే వెళ్తారు. ఆట అక్కడితో ఆగుతుంది, అది నేర్పిన క్రమం మాత్రం వెంట వస్తుంది. మీరూ ప్రిపరేషన్‌కు గంటలు పెంచండి, తప్పులేదు. సాయంత్రం గ్రౌండ్‌కి వెళ్లే ఆ గంటను మాత్రం కొట్టేయకండి. ఇంటర్వ్యూలో ‘మీ గురించి చెప్పండి’ అన్నప్పుడు చెప్పడానికి మీకంటూ ఉండే మాట అక్కడి నుంచే రావచ్చు.