పైకప్పులో వెన్నెల... పదికాలాలూ ఉండాలంటే!

పాత ఇంటికి మరమ్మతులన్నీ పూర్తయ్యాయి. గోడలకు కొత్త రంగులు, హాల్లో కొత్త ఫాల్స్ సీలింగు. సత్యనారాయణ వ్రతానికి వచ్చిన చుట్టాలు గుమ్మంలో అడుగుపెట్టగానే స్విచ్ నొక్కుతారు ఇంటాయన. ఎక్కడా బల్బు కనిపించదు. పైకప్పు అంచుల వెంట మాత్రం వెన్నెల పరుచుకుంటుంది. 'అబ్బ, ఎంత బాగుందో!' అంటూ అందరి తలలూ పైకి లేస్తాయి.

ఆర్నెల్లు గడిచేసరికి అదే హాల్లో సీను మారుతుంది. ఓ మూల వెలుతురు పసుపు, ఇంకో మూల తెలుపు. మధ్యలో రెండడుగుల మేర చీకటి. మిగిలింది మిణుకుమిణుకు. ఎలక్ట్రీషియన్ని పిలిస్తే నిచ్చెనెక్కి చూసి, 'డ్రైవరు పోయిందండీ' అంటాడు. 'మార్చెయ్ మరి' అంటే తల గోక్కుంటాడు. ఆ డ్రైవరు జిప్సం బోర్డుకు అవతల, పైకప్పుకీ ఫాల్స్ సీలింగుకీ మధ్య ఎక్కడో ఉంది. దాన్ని తీయాలంటే సీలింగు కొయ్యాలి. కోస్తే మళ్లీ పుట్టీ, మళ్లీ పెయింటు. కొన్ని వందల రూపాయల వస్తువు కోసం వేలు వదులుతాయి!

చాలా ఇళ్లలో జరిగే కథే ఇది. టైల్స్ కోసం పది షాపులు తిరిగేవాళ్లు, కుళాయిల కోసం కుటుంబమంతా చర్చలు పెట్టేవాళ్లు స్ట్రిప్ లైట్ల దగ్గరికొచ్చేసరికి 'ఆ... అది ఎలక్ట్రీషియన్ చూసుకుంటాడులే' అని వదిలేస్తారు. ఆయనేమో హైదరాబాద్‌లో అయితే ట్రూప్‌బజార్‌కో, ఇంకో ఊళ్లో అయితే తెలిసిన కొట్టుకో వెళ్లి చౌకలో ఏది దొరికితే అది తెస్తాడు. తప్పు ఆయనది కాదు. ఏది కావాలో ఇంటివాళ్లు చెప్పలేదు మరి!

నీలి వెలుగు నుంచే తెలుపు
ఎల్ఈడీలు కొత్తవేమీ కాదు. ఎరుపు రంగులో వెలిగే ఎల్ఈడీని నిక్ హోలోన్యాక్ 1962లోనే తయారుచేశాడు. ఆపైన ఆకుపచ్చా వచ్చింది. బాగా వెలిగే నీలం మాత్రం మూడు దశాబ్దాలపాటు చిక్కలేదు. అది లేనిదే తెల్లని వెలుగు రాదు. 1990లలో ఆ పని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమనో, షుజి నకముర... ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ దక్కింది. మర్నాడే అన్నట్టు 2015లో మన దేశంలో ఉజాలా పథకం మొదలై, ఎల్ఈడీ బల్బులు పల్లెపల్లెకూ చేరాయి.

ఈ చరిత్రకూ హాల్లో సీలింగుకూ సంబంధం ఉంది. ఇంట్లో వెలిగే చాలా తెల్లని ఎల్ఈడీలు నిజానికి నీలివే. ఆ చిప్పు మీద పసుపుపచ్చని ఫాస్ఫరు పూత ఉంటుంది. నీలం, పసుపు కలిసి కంటికి తెలుపుగా కనిపిస్తాయి. ఆ పూత ఎంత నాణ్యంగా ఉందన్న దాన్నిబట్టే వెలుతురు తీరు మారిపోతుంది. చౌకరకం స్ట్రిప్పుల్లో వెలుగుకు లోటుండదు కానీ ఎరుపు పాలు తగ్గుతుంది. అందుకే ఆ వెలుతురులో కుంకుమ రంగు పట్టుచీర ఇటుక రంగులోకి దిగిపోతుంది. అద్దంలో ముఖం కళతప్పి, జ్వరపడి లేచినట్టు ఉంటుంది.

రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే లెక్కే సీఆర్‌ఐ. నూటికి ఎంత అన్నది ప్యాకెట్ మీద చూసుకోవాలి. హాలు అంచులకు 80 ఉన్నా సరిపోతుంది. వంటగట్టు పైన, బీరువాలో, డ్రెస్సింగ్ టేబుల్ దగ్గర మాత్రం 90కి తగ్గకూడదు. కూరగాయ వాడిందో లేదో, రవికె చీరకు నప్పిందో లేదో తేలేది అక్కడే కదా!

పసుపా... తెలుపా?
ఇంట్లో గొడవ మొదలయ్యేది ఇక్కడే. నాన్నకు ట్యూబులైటులా తెల్లగా ఉండాలి. కొడుక్కి హోటల్లోలా పచ్చగా కావాలి. షాపువాళ్ల భాషలో మొదటిది కూల్ వైట్, 6000 నుంచి 6500 కెల్విన్. రెండోది వార్మ్ వైట్, 2700 నుంచి 3000 కెల్విన్. మధ్యలో 4000 కెల్విన్ నేచురల్ వైట్ ఉంది కానీ అడిగేవాళ్లు తక్కువ. కెల్విన్ అంకె పెరిగేకొద్దీ వెలుతురు నీలం వైపు జరుగుతుందని గుర్తుంటే చాలు.

ఇద్దరి మాటా నిలబెట్టే దారి ఉంది. అంచుల వెంట దాక్కునే లైటుకు 3000 బాగుంటుంది. పేపరు చదువుకునే, పిల్లలు రాసుకునే చోట 4000 లేదా అంతకంటే తెల్లనిది విడిగా పెట్టుకోవాలి. రెండింటికీ వేర్వేరు స్విచ్‌లుండాలి. పూజ గదిలో అయితే 2700 వైపే మొగ్గాలి. దీపం వెలుగు దానికన్నా ఇంకా పచ్చగా ఉంటుంది. పక్కనే తెల్లటి లైటు వెలిగితే ప్రమిద వెలవెలబోతుంది. అయితే అక్కడ స్ట్రిప్పు హారతి సెగకు దూరంగా ఉండాలి. కర్పూరం మసి కవరు మీద పేరుకుంటుంది కాబట్టి తుడవడానికి చెయ్యి అందాలి.

నాన్నగారు తెల్ల లైటు కావాలనడాన్ని చాదస్తమని కొట్టిపారేయకూడదు. ఇరవై ఏళ్లవారి కంటితో పోలిస్తే అరవై ఏళ్లవారి రెటీనాకు చేరే వెలుతురు దాదాపు మూడో వంతే. కనుపాప చిన్నదవుతుంది, కంటి కటకం పసుపుబారుతుంది. ఆయనకు కావలసింది తెల్లని రంగు కంటే ఎక్కువ వెలుతురు. సీలింగుకు తగిలి దిగే స్ట్రిప్ లైటు ఒక్కటే అందుకు చాలదు. హాల్లో ఉన్న ట్యూబులైట్లన్నీ పీకేసి వెన్నెల మీదే ఆధారపడితే ఇబ్బందిపడేది పెద్దవాళ్లే.

వాళ్లకు ఇదే స్ట్రిప్పు మరోచోట మేలు చేస్తుంది. మంచం కింద అంచుకు, బాత్‌రూమ్‌కు వెళ్లే దారిలో గోడ అడుగున ఓ మూరెడు ముక్క చాలు. మనిషి కదలగానే వెలిగే సెన్సరు పెడితే అర్ధరాత్రి స్విచ్ కోసం తడుముకోనక్కర్లేదు. అక్కడ 2700 కెల్విన్, అదీ మసగ్గా ఉండాలి. నీలం పాలు ఎక్కువున్న వెలుతురు పడితే మళ్లీ నిద్రపట్టడం కష్టం. ఇంటి మరమ్మతులకు పెట్టే లక్షల్లో దీనికయ్యేది లెక్కలోకే రాదు. కాలుజారి తుంటి ఎముక విరిగితే అయ్యే ఖర్చుతో దీన్ని పోల్చుకోవాలి.

రోలు కొనేముందు లెక్క
షాపులో ఎదురయ్యే మాట ఒకటే. 'సార్, అందరూ ఇదే తీసుకెళ్తున్నారు, మంచి పీసు.' మంచిదే కావచ్చు. 'మీటరుకు ఎన్ని వాట్లు, ఎన్ని వోల్టులు?' అని అడిగితే కానీ అసలు సంగతి బయటపడదు.

ప్లగ్గులో నేరుగా పెట్టే 230 వోల్టుల రోప్ లైటు ఒక రకం. చౌక, డ్రైవరు గొడవ ఉండదు. పండక్కి బాల్కనీలో వేలాడదీయడానికి భేషుగ్గా ఉంటుంది. చౌకరకాలైతే సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. కంటికి తెలియకపోయినా కొందరికి తలనొప్పి తెస్తాయి. సెల్‌ఫోను కెమెరా ఆన్ చేసి చూస్తే తెర మీద చారలు కదులుతాయి. నేరుగా ఇంటి కరెంటే పారుతుంది కాబట్టి చేతికందే చోట్లకు పనికిరాదు.

ఇంట్లో సీలింగుకు, అల్మారాలకు వాడాల్సింది 12 లేదా 24 వోల్టుల స్ట్రిప్పు. మామూలుగా 5 మీటర్ల రోలు వస్తుంది. మీద కత్తెర గుర్తులుంటాయి. మీటరుకు 60 ఎల్ఈడీలుండే 12 వోల్టుల రకాన్ని 5 సెంటీమీటర్లకోచోట, 24 వోల్టుల రకాన్ని 10 సెంటీమీటర్లకోచోట కత్తిరించొచ్చు. ఇంకోచోట కోస్తే ఆ ముక్క వెలగదు. ప్యాకెట్ మీద 2835, 5050 లాంటి అంకెలు చూసి కంగారుపడక్కర్లేదు. అవి చిప్పు కొలతలు... 2.8 మిల్లీమీటర్లకు 3.5, 5కు 5. అంకె పెద్దదైతే వెలుగు ఎక్కువని కాదు.

మచ్చుకు 12 అడుగులకు 14 అడుగుల హాలు తీసుకుందాం. గోడ నుంచి ఒక్కో అడుగు లోపలికి అంచు వస్తే చుట్టుకొలత 44 అడుగులు, అంటే సుమారు 13.4 మీటర్లు. మూడు రోళ్లు కావాలి. మీటరుకు 9.6 వాట్ల రకమైతే మొత్తం దాదాపు 130 వాట్లు. ఎల్ఈడీ అంటే కరెంటే కాలదనుకునేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఇది 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులైట్లు ఆరున్నర వెలిగించడంతో సమానం! రోజుకు నాలుగు గంటలేస్తే నెలకు పదిహేను, పదహారు యూనిట్లు. కొంపలేం మునగవు, కానీ స్లాబు అంచున ఉన్న ఇంటికి బిల్లులో తెలుస్తుంది. అందుకే అలంకారానికైతే మీటరుకు 4.8 వాట్ల రకం చాలు.

ఇక డ్రైవరు. 130 వాట్ల స్ట్రిప్పుకు 130 వాట్ల డ్రైవరు పెడితే అది ఎప్పుడూ ఆయాసపడుతూనే ఉంటుంది. కనీసం 20 నుంచి 25 శాతం ఎక్కువ సామర్థ్యం ఉండాలి. అంటే 160 వాట్లకు పైమాటే. దాని మీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు, 'ఆర్'తో మొదలయ్యే నంబరు ఉన్నాయో లేదో చూడాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోవచ్చు. మూడు రోళ్లను ఒకదాని తోకకు మరొకటి అతికిస్తే సన్నటి రాగిరేకు మీదుగా అంత కరెంటు వెళ్లలేక చివరికొచ్చేసరికి వెలుతురు డీలాపడుతుంది. అతుకు దగ్గర వేడెక్కుతుంది కూడా. ఒక్కో రోలుకూ డ్రైవరు నుంచి విడిగా తీగ లాగాలి. 12 వోల్టులకు 130 వాట్లంటే దాదాపు 11 ఆంపియర్లు. అదే 24 వోల్టులైతే ఐదున్నర లోపే. హాలు అంచు లాంటి పొడవైన పనికి 24 వోల్టులే నయం.

అతుకులను క్లిప్పులతో బిగించి వదిలేయకుండా సోల్డరింగ్ చేయించాలి. వదులు అతుకు, సన్న తీగ, గాలాడని చోట వేడెక్కే నాసిరకం డ్రైవరు... ఈ మూడూ కలిసేది సీలింగు పైన, ఎవరి కంటా పడనిచోట. నిప్పు రాజుకున్నా ముందు తెలియదు.

చుక్కలు కనిపిస్తే...
వంటగదిలో పై కప్‌బోర్డుల కింద స్ట్రిప్పు పెడితే తరిగే చోట నీడ పడదు. కానీ మన వంటగట్లు ఎక్కువగా నల్ల గ్రానైట్‌వి. అద్దంలా మెరిసే ఆ రాయిలో ఒక్కో ఎల్ఈడీ ఒక్కో చుక్కలా ప్రతిఫలించి కళ్లలో పొడుస్తుంది. అక్కడ పాలరంగు కవరున్న అల్యూమినియం ప్రొఫైలో, చుక్కలు లేకుండా ఒకే గీతలా వెలిగే సీఓబీ రకమో వాడాలి. సింకు దగ్గర ఐపీ 65 ఉన్నది కావాలి. హాలు సీలింగుకు ఐపీ 20 చాలు. అన్నిటికీ వాటర్‌ప్రూఫ్ కొంటే డబ్బు దండగే కాదు, మీది సిలికాన్ పూత వేడిని పట్టి ఉంచుతుంది కూడా.

అల్యూమినియం ప్రొఫైలు ఖర్చు దండగనుకుంటారు కానీ స్ట్రిప్పు ఆయుష్షు దానిలోనే ఉంది. ఎల్ఈడీ వెలుతురు చల్లనే, దాని వీపు మాత్రం వేడి. ఆ వేడిని లోహం లాగేస్తుంది. పైగా స్ట్రిప్పు వెనక జిగురు పుట్టీ పొడి మీద నిలవదు. మే నెల ఎండలకు ఊడి పాములా వేలాడుతుంది.

సీలింగు మేస్త్రీతో ముందే చెప్పాల్సినది మరోటుంది. స్ట్రిప్పుకూ పైకప్పుకూ మధ్య నాలుగైదు అంగుళాలైనా ఖాళీ ఉండాలి. లేకపోతే వెలుతురు పరుచుకోదు, గీత గీసినట్టు ఉంటుంది. ఆ సందులో దుమ్ము చేరుతుంది, పురుగుల కోసం బల్లులూ కాపురం పెడతాయి. ఏడాదికోసారి గుడ్డ పెట్టి తుడవడానికి చెయ్యి దూరాలి. ఇక సీలింగులో గుండ్రటి లైట్లు కూడా పెట్టించుకుంటే అవి ఫ్యాను రెక్కల చుట్టుకొలతకు బయటే ఉండాలి. లేదంటే రాత్రంతా గోడల మీద నీడలు గిరగిరా తిరుగుతాయి.

రంగులు మార్చే ఆర్‌జీబీ స్ట్రిప్పు పిల్లల ముచ్చట. టీవీ వెనక పెట్టిస్తే సరి. మూడు రంగులూ కలిపి అది చూపించే తెలుపు మాత్రం తెలుపు కాదు, హాలుకు అదొక్కటే పెట్టుకోవద్దు. వెలుతురు తగ్గించుకోవాలనుకుంటే దానికి తగిన డిమ్మరు, డిమ్మింగుకు పనికొచ్చే డ్రైవరు రెండూ కావాలి. మామూలు ఫ్యాను రెగ్యులేటరు బిగిస్తే రెండూ పాడవుతాయి.

జిప్సం బోర్డు బిగించకముందే...
స్ట్రిప్పులన్నీ డ్రైవర్లకు కలిపి కనీసం ఓ సాయంత్రమంతా, కుదిరితే రెండు మూడు రోజులు నేల మీదే వెలిగించి చూడాలి. రోళ్ల మధ్య రంగు తేడా ఉంటే అప్పుడే దొరికిపోతుంది. ఒకే కంపెనీ, అదే 3000 కెల్విన్ అయినా వేరే లాటులో వచ్చింది కాస్త తేడాగా ఉంటుంది. అందుకే కావలసిన రోళ్లన్నీ ఒకేసారి, ఒకే లాటులోవి కొని, ఇంకో రోలు అదనంగా తీసి అటక మీద ఉంచాలి.

డ్రైవరు మాత్రం సీలింగు లోపల మూసేయకూడదు. అల్మారా పైభాగమో, టీవీ యూనిట్ వెనకో, గాలాడే చోటు చూసి పెట్టాలి. సీలింగులోనే తప్పదంటే అడుగు చదరం మూత వదిలించుకోవాలి. 'అందం పోతుందండీ' అంటాడు మేస్త్రీ. పోదు. పెయింటు వేశాక ఆ మూత ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. కొన్న తేదీ, వోల్టులు, వాట్లు, బిల్లు నంబరు ఓ చీటీ మీద రాసి ఆ మూత లోపలివైపు అంటిస్తే నాలుగేళ్ల తర్వాత నిచ్చెనెక్కే ఎలక్ట్రీషియన్ తల గోక్కోడు.