వంతపాటలో నిలిచిన రామదాసు

రామదాసు కీర్తనలు కచేరీ వేదిక ఎక్కకముందే ఊరి రామాలయాల్లో పదిమంది గొంతు కలిపే పాటలయ్యాయి. రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న; ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో పుట్టిన ఆయన 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. శిస్తు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలైన ఆయన కథ తెలియని తెలుగువారు అరుదు. పాటలు నిలవడంలో ఆ కథకు ఎంత పాలుందో, వాటి కట్టుకూ అంతే ఉంది.

పల్లవి చిన్నది, రెండుసార్లు వింటే నోటికొస్తుంది. చరణాలు మాత్రం చాలా ఉంటాయి. భజనలో ముందు పాడేవారు చరణం ఎత్తుకుంటే, మిగతావారు వంత పాడి పల్లవి అందుకుంటారు. చదువు రానివారికీ, స్వరజ్ఞానం లేనివారికీ బృందంలో చోటు దొరికేది అందుకే. ఏకాహమైతే 24 గంటలు పాట ఆగకూడదు. ఒక జట్టు గొంతులు బొంగురుపోయే వేళకు రెండో జట్టు వచ్చి పక్కన కూర్చుంటుంది. పల్లవి తిరిగే చోట తాళాలు, చిడతలు చేతులు మారతాయి. కళ్లు మూసుకుని వినేవారికి ఆ అతుకు తెలియదు.

కెల్టిక్ భాషల్లో ఒకటైన గేలిక్‌లో దావీదు కీర్తనలు పాడే స్కాట్లాండ్ పడమటి దీవుల చర్చిల్లోనూ ఒకరు పాదం అందిస్తే సభంతా అందుకుంటుంది. అక్కడ వాద్యాలుండవు, ఎవరి గమకం వారిదే. మన తాళం అంత చనువివ్వదు.

ఈ కీర్తనలు తమిళదేశానికీ వెళ్లాయి. మరుదానల్లూరు సద్గురుస్వామి తీర్చిదిద్దిన భజన సంప్రదాయంలో జయదేవుడి అష్టపదులు, నారాయణతీర్థుల తరంగాలతో పాటు వీటికీ చోటుంది. త్యాగరాజు తన కృతుల్లో రామదాసును తలచుకున్నాడు. తెలుగు ఇళ్లలో వీటిని మళ్లీ మారుమోగించింది మాత్రం మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతు, ఆకాశవాణి భక్తిరంజని. ఆనందభైరవిలో 'పలుకే బంగారమాయెనా' అనగానే చాలామందికి చెవిలో మెదిలేది ఆయన వరసే. దానితో చిక్కూ ఉంది. రేడియో వరస స్థిరపడ్డ కొద్దీ ఊరూరికీ మారే పాత భజన వరసలు వెనక్కి తగ్గాయి.

ఇప్పుడు భద్రాచలంలో రామదాసు జయంతికి వాగ్గేయకారోత్సవాలు జరుగుతున్నాయి. తిరువాయూరులో త్యాగరాజు పంచరత్నాలు పాడినట్టే ఇక్కడ కళాకారులంతా కూర్చుని నవరత్న కీర్తనలను గోష్ఠిగా పాడతారు. వాటిలో చాలావాటి పల్లవులు ఎదురుగా కూర్చున్న భక్తులకూ కంఠతా వచ్చు.