జాజికాయ – స్తంభనం: ఒక వంటింటి ద్రవ్యం చుట్టూ అల్లుకున్న అర్థవిపరిణామం

వ్యాససంగ్రహం:

పురుషుల లైంగిక ఆరోగ్యానికి గృహవైద్యంగా తెలుగునాట ప్రసిద్ధి పొందిన సుగంధద్రవ్యాలలో జాజికాయ ముఖ్యమైనది. ప్రాచీన వైద్యగ్రంథం దీనిని శుక్రస్తంభకంగా పేర్కొన్నది. ఆధునిక తెలుగులో ‘అంగస్తంభన’ అనే సమాసం స్థిరపడిన తరువాత ఈ రెండు ‘స్తంభన’లూ ఒకటే అనుకోవడానికి అవకాశం ఏర్పడింది. ఒక పదం రెండు అర్థాలను మోయడం వల్ల ఔషధవినియోగంలో కలిగే పొరపాటును, దాని ఆరోగ్యపరిణామాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: జాజికాయ, స్తంభనం, వాజీకరణం, గృహవైద్యం, అర్థవిపరిణామం, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం:

ఆమడగూరు మొదలుకొని ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరకు విస్తరించిన మెట్టప్రాంతం కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్నది. సంగటి, ఉద్దులు, తెల్లగడ్డ, మెంతులు ఇక్కడి వంటింటి నిత్యవస్తువులు. జాజికాయ అటువంటిది కాదు. అది ఈ నేలలో పండదు. అంగడిలో ఒకటి రెండు కాయలుగా కొని దాచుకొనేది. పండుగనాటి తీపివంటలోనో, మసాలాలోనో, తాంబూలంలోనో చిటికెడు పడుతుంది. వంటలో ఇంత తక్కువగా వాడే ద్రవ్యానికి మగవారి మందుగా మాత్రం తెలుగునాట పెద్ద పేరున్నది. పాలలో జాజికాయపొడి కలుపుకొని తాగితే ‘నరాల బలహీనత’ పోతుందన్నది తరచు వినిపించే మాట. ఈ పేరు ఎక్కడినుండి వచ్చింది? శాస్త్రగ్రంథం చెప్పినదీ, ప్రజలు నమ్ముతున్నదీ ఒకటేనా? ఈ ప్రశ్నలే ఈ పరిశీలనకు ఆధారం.

2. జాతి నుండి జాజి:

సంస్కృతంలో ‘జాతీ’ అంటే ఒక జాతి మల్లె. ఆ పూవులా సువాసన గల కాయ జాతీఫలం. ప్రాకృతంలో ‘జాఈ’గా మారిన ఈ పదం తెలుగులో ‘జాజి’ అయింది. పూవుకూ కాయకూ ఒకే పేరు నిలిచింది. కన్నడంలో జాయికాయి, తమిళంలో జాదిక్కాయ్, హిందీలో జాయ్‌ఫల్ అన్నవి దీని సోదరరూపాలు. కాయమీది ఎర్రని పొర జాతీపత్రి, అదే జాపత్రి.

ఈ చెట్టు జన్మస్థానం ఇండోనేషియాలోని బాందా దీవులు. ఐరోపా దేశాలు ఈ కాయ కోసమే ఆ దీవులపై పోరాడాయి. 1667 నాటి బ్రెడా సంధితో రన్ అనే చిన్న దీవిపై ఆంగ్లేయులు హక్కు వదులుకోగా, నేటి న్యూయార్క్‌లోని మన్‌హట్టన్ వారి అధీనంలో నిలిచింది. అంత దూరం నుండి రావలసిన ద్రవ్యమైనా భారతీయ వైద్యానికి ఇది ఎంతోకాలంగా పరిచితమే. చరకసంహిత సూత్రస్థానం ఐదవ అధ్యాయం నోటికి శుద్ధినీ, రుచినీ, సువాసననూ కోరేవారు నోట ఉంచుకోవలసిన ద్రవ్యాలలో లవంగం, పోక, కర్పూరాలతోపాటు దీనినీ చేర్చింది.

3. పట్టి ఉంచే గుణం:

భావప్రకాశం జాజికాయను ‘గ్రాహి’ అన్నది. గ్రాహి అంటే ద్రవాన్ని పీల్చి, జారిపోకుండా పట్టి ఉంచేది. అందుకే అతిసార, గ్రహణి రోగాలలో దీనిని వాడారు. పసిపిల్లలకు విరేచనాలు కట్టడానికి సానమీద జాజికాయ అరగదీసి నాకించే ఆచారం తెలుగు ఇళ్లలో ఉన్నది. నేటి శిశువైద్యులు దీనిని ప్రోత్సహించరు. అయినా ఆ ఆచారం వెనుక ఉన్న భావన గమనించదగినది. పసివాని కడుపును పట్టి ఉంచేదీ, పెద్దవాని శుక్రాన్ని పట్టి ఉంచేదీ ఒకే గుణం. రెండుచోట్లా జాజికాయకు ఆపాదించిన పని ‘ఆపడం’.

4. శార్ఙ్గధరుని వర్గీకరణ:

ఈ విషయాన్ని స్పష్టంగా విడమరచిన గ్రంథం శార్ఙ్గధరసంహిత. దాని ప్రథమఖండం నాలుగవ అధ్యాయం ద్రవ్యాల చర్యలను ఒక్కొక్కటిగా నిర్వచిస్తుంది. శుక్రానికి సంబంధించిన ద్రవ్యాలను అక్కడ ఒకే గంపలో వేయలేదు.

అ) వాజీకరాలు: స్త్రీపట్ల ఉత్సాహాన్ని కలిగించేవి. నాగబల, దూలగొండి విత్తనాలు.
ఆ) శుక్రలాలు: శుక్రాన్ని వృద్ధి చేసేవి. అశ్వగంధ, ముసలి, చక్కెర, శతావరి.
ఇ) శుక్రాన్ని పుట్టించి, ప్రవర్తింపజేసేవి: పాలు, మినుములు, జీడిగింజల పప్పు, ఉసిరిక.
ఈ) స్తంభకం: జాజికాయ.

ఈ పట్టికలో జాజికాయ స్థానం విశిష్టమైనది. అది ఉత్సాహాన్ని కలిగించేవాటిలో లేదు. శుక్రాన్ని పెంచేవాటిలోనూ లేదు. స్ఖలనాన్ని ఆలస్యం చేసేదిగా మాత్రమే దానిని పేర్కొన్నారు. అదే అధ్యాయంలో ‘స్తంభనం’ అనే చర్యకు సాధారణ ఉదాహరణగా కొడిసెపాలను చూపారు. కొడిసెపాల విరేచనాలను కట్టే మందు. కాబట్టి ఆ గ్రంథకర్త దృష్టిలో స్తంభనం అంటే ప్రవాహాన్ని నిలపడం అనడంలో సందేహం లేదు.

వంటింటి వస్తువులలో ఆ గ్రంథం నిజంగా పుంస్త్వానికి తోడుగా చూపినవి పాలు, మినుములు. రాయలసీమవాసులు ఉద్దులని పిలిచే ఆ మినుములకు చరకసంహిత చికిత్సాస్థానంలోని వాజీకరణాధ్యాయంలోనూ ప్రముఖస్థానం ఉన్నది. నిత్యం తినే ఉద్దులను వదలి, అరుదుగా కొనే జాజికాయకే మగతనాన్ని ముడివేయడం ఆ గ్రంథదృష్టికి భిన్నమైనది. కామశాస్త్రగ్రంథాలలోనూ ఈ విభజన కనిపిస్తుంది. కల్యాణమల్లుని అనంగరంగం స్తంభనయోగాలను, వాజీకరణయోగాలను వేర్వేరుగా చెప్పింది.

5. ‘అంగస్తంభన’ – పదం తెచ్చిన చిక్కు:

‘స్తంభ’ ధాతువుకు నిలపడం, ఆపడం, బిగుసుకొనడం అనే అర్థాలున్నాయి. ‘రాకపోకలు స్తంభించాయి’ అన్నప్పుడు ఆగిపోవడం. ‘నిశ్చేష్టుడై స్తంభించిపోయాడు’ అన్నప్పుడు బిగుసుకుపోవడం. ఆధునిక తెలుగులో వైద్యరచనలు రెండవ అర్థాన్ని తీసుకొని పురుషాంగం గట్టిపడడాన్ని ‘అంగస్తంభన’ అన్నాయి. పత్రికల ఆరోగ్యశీర్షికల ద్వారా ఆ మాట జనవ్యవహారంలో స్థిరపడింది.

దీని ఫలితం ఊహించదగినదే. జాజికాయ ‘స్తంభకం’ అని చదివిన నేటి పాఠకుడు అది అంగస్తంభన కలిగిస్తుందని గ్రహిస్తాడు. నిజానికి ఒకటి శీఘ్రస్ఖలనానికి సంబంధించిన మాట. మరొకటి రక్తప్రసరణకు సంబంధించిన స్థితి. రెండు సమస్యలకూ కారణాలు వేరు, చికిత్సలు వేరు. వీటికి తోడు ‘నరాల బలహీనత’ అనే మరుగుమాట అన్నింటినీ కప్పేస్తుంది. తెలుగునాట బస్టాండు గోడలమీది ప్రకటనలు ఆసరా చేసుకొన్నది ఈ అస్పష్టతనే.

6. ప్రయోగశాల చెప్పినది, చెప్పనిది:

అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి చెందిన యునానీ వైద్యపరిశోధకులు జాజికాయపై చేసిన రెండు పరిశోధనలు 2003, 2005 సంవత్సరాలలో అంతర్జాతీయ పత్రికలో వెలువడ్డాయి. మొదటిది చిట్టెలుకలపై జాజికాయ, లవంగాల సారాలను పరీక్షించింది. రెండవది మగ ఎలుకలకు కిలో శరీరభారానికి 100, 250, 500 మిల్లీగ్రాముల చొప్పున ఏడు రోజులు సారాన్ని ఇచ్చింది. రెండింటిలోనూ జంతువుల లైంగిక ప్రవృత్తి పెరిగినట్లు నమోదైంది. అయితే అది ఆల్కహాలుతో తీసిన సారం. పాలలో కలిపిన పొడి కాదు. ఎలుకలలో కనిపించిన ఫలితాన్ని మనుషులకు నేరుగా వర్తింపజేయడం శాస్త్రసమ్మతం కాదు.

మరొక విషయం కూడా గమనార్హం. శార్ఙ్గధరసంహితలోని జాతీఫలాది చూర్ణంలో జాజికాయతోపాటు భంగి కూడా ఉన్నది. ఇటువంటి యోగాల ప్రభావాన్ని పేరులో ఉన్న ద్రవ్యానికే కట్టబెట్టడం సరికాదు.

పోల్చి చూస్తే మెంతులపై మనుషులలోనే పరీక్షలు జరిగాయి. 2011లో ప్రచురితమైన ఒక పరీక్షలో 60 మంది పురుషులు ఆరు వారాలు పాల్గొనగా, మెంతుల సారం తీసుకొన్నవారిలో లైంగికేచ్ఛ మెరుగుపడినట్లు తేలింది. పాల్గొన్నవారి సంఖ్య చిన్నది. వాడినది ప్రత్యేకంగా తయారుచేసిన సారం. కనుక దానినీ పరిమితంగానే స్వీకరించాలి.

7. మోతాదు, మౌనం:

సంప్రదాయవైద్యంలో జాజికాయపొడి మోతాదు అర గ్రాము నుండి ఒక గ్రాము వరకే. జాజికాయలోని మిరిస్టిసిన్ తదితర తైలపదార్థాల వల్ల సుమారు 5 గ్రాముల వద్దనే విషలక్షణాలు కనిపించవచ్చు. వాంతులు, నోరెండిపోవడం, గుండెదడ, భ్రాంతి అందులో ముఖ్యమైనవి. ఒక పెద్ద కాయ బరువే అంతకు మించి ఉండవచ్చు. ‘వంటింటి వస్తువే కదా’ అనే ధీమా ఇక్కడ ప్రమాదకరం.

అంతకంటె పెద్ద నష్టం మౌనం వల్ల కలుగుతుంది. అంగం గట్టిపడడానికి అక్కడి రక్తనాళాలు వ్యాకోచించాలి. ఆ పనికి నైట్రిక్ ఆక్సైడ్ అనే అణువు సంకేతంగా ఉంటుంది. మధుమేహం, అధిక రక్తపోటు, పొగతాగడం ఆ నాళాలను దెబ్బతీస్తాయి. అవి గుండె నాళాలకంటె సన్ననివి కనుక చెడు ముందు అక్కడ బయటపడుతుంది. గుండెజబ్బు లక్షణాలకు కొన్ని సంవత్సరాల ముందే అంగస్తంభనలోపం కనిపించే అవకాశం ఉన్నదని వైద్యశాస్త్రం గుర్తించింది. ఆ సమయంలో రక్తంలో చక్కెరను, రక్తపోటును పరీక్షించుకోవలసిన మనిషి సిగ్గుతో జాజికాయపొడిని ఆశ్రయిస్తే శరీరం ఇచ్చిన ముందస్తు హెచ్చరిక వృథా అవుతుంది.

‘మూలికామందు’ పేరుతో అమ్మే కొన్ని గుళికలలో సిల్డెనాఫిల్ వంటి రసాయనాలను రహస్యంగా కలిపిన ఉదంతాలు అనేక దేశాలలో బయటపడ్డాయి. గుండెనొప్పికి నైట్రేటు మందులు వాడేవారికి ఆ కలయిక ప్రాణాంతకం. మనదేశంలో 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం లైంగికసామర్థ్యాన్ని పెంచుతాయని చెప్పే ఔషధప్రకటనలను నిషేధించింది.

8. ఉపసంహారం:

1. ప్రాచీన గ్రంథం జాజికాయను స్ఖలనాన్ని ఆలస్యం చేసే ద్రవ్యంగా మాత్రమే పేర్కొన్నది. అంగస్తంభనకు మందుగా చెప్పలేదు.
2. ‘స్తంభన’ పదానికి గల రెండర్థాలు ఆధునిక వ్యవహారంలో కలిసిపోవడం దాని ప్రసిద్ధికి ఊతమిచ్చింది.
3. మనుషులలో దీని ప్రయోజనాన్ని నిర్ధారించడానికి జంతుపరీక్షలు చాలవు. మోతాదు మించితే హాని మాత్రం నిశ్చితం.
4. ఆరోగ్యరచనలు అంగస్తంభనలోపం, శీఘ్రస్ఖలనం, లైంగికేచ్ఛ తగ్గడం అనే మూడింటినీ స్పష్టమైన వేర్వేరు మాటలతో చెప్పాలి. ‘నరాల బలహీనత’ను వదలిపెట్టాలి.

పరిభాషానిర్మాణం కేవలం భాషావేత్తల వ్యాపకం కాదు. ఆమడగూరు వంటి చోట ఒక రైతు తన బాధను వైద్యుని ముందు సరైన మాటతో చెప్పగలిగినప్పుడే సరైన పరీక్ష జరుగుతుంది. ఆ మాటను అతనికి అందించడం తెలుగు పరిశోధకుల బాధ్యత కూడా.