సింహాద్రి అప్పన్న – చందనం మాటున నిజరూపం

మా హాస్టల్ హాజరుపట్టీ తిరగేస్తే అప్పలరాజు, అప్పలస్వామి, సింహాద్రి, సింహాచలం అనే పేర్లు వరుసగా కనిపిస్తాయి. సింహాచలం అనే పేరు మా ఊళ్ళలో మగపిల్లలకూ పెడతారు, ఆడపిల్లలకూ పెడతారు. మొక్కుకుని కన్నందుకు ఆ కొండ పేరే బిడ్డకు పెట్టుకోవడం ఉత్తరాంధ్రలో ఆనవాయితీ. ఇంతమందికి పేరిచ్చిన ఆ దేవుణ్ణి గురించి మిత్రులందరికీ తెలియజేయాలన్న ఉద్దేశంతో ఈ వ్యాసం రాస్తున్నాము.

విశాఖపట్నానికి దగ్గరలో, అడవివరం పైనున్న కొండ మీద శ్రీ వరాహలక్ష్మీనరసింహస్వామి కొలువై ఉన్నాడు. స్వామిది వరాహ ముఖం, మనిషి దేహం, సింహపు తోక. ఈ రూపం చూడాలంటే ఏడాదిలో ఒక్కరోజే వీలవుతుంది. అది వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ. మిగిలిన రోజులన్నీ చందనపు పూతలో, చూసేవారికి శివలింగంలా కనిపిస్తాడు.

ఎందుకిలా దాగి ఉన్నాడు? పెద్దలు చెప్పే స్థలపురాణం ఇది. హరినామం మానని ప్రహ్లాదుణ్ణి సముద్రంలో పడదోసి, పైన ఒక కొండను వేయమని హిరణ్యకశిపుడు భటులను ఆజ్ఞాపించాడు. విష్ణువు పరుగున వచ్చి కొండను పట్టి, బాలుణ్ణి కాపాడాడు. ఆ కొండే సింహాద్రి. వచ్చిన తొందరలో స్వామి పాదాలు భూమిలోకి దిగిపోయాయనీ, అందుకే నేటికీ అవి కనిపించవనీ అంటారు. ప్రహ్లాదుని తరువాత పూజలు ఆగిపోయి విగ్రహం చుట్టూ పుట్ట పెరిగింది. చాలాకాలానికి పురూరవ చక్రవర్తి ఊర్వశితో కలిసి ఇటు వచ్చి, పుట్టమన్ను తొలగించి స్వామిని బయటకు తీశాడు. అప్పుడు, తొలగించిన మన్నుకు సమానంగా చందనం పూయమనీ, ఏడాదికి ఒక్కనాడే నిజరూపం చూడమనీ ఆకాశవాణి పలికిందట.

మరో కథ కూడా ఉంది. ఇక్కడ శివలింగంగా పూజలందుకుంటున్న మూర్తిని రామానుజాచార్యులు నరసింహునిగా నిరూపించారనీ, పై పొరను తొలిచేటప్పుడు రక్తం కారగా దానిని ఆపడానికి చందనం పూశారనీ చెబుతారు. ఏ కథ నిజమని మేము వాదించబోము. అయితే రెండింటిలోనూ చందనం గాయానికి పూసే మందులాగా, ఉగ్రుణ్ణి చల్లార్చే లేపంలాగా ఉండటం మాకు ఆసక్తి కలిగించింది.

ఇక పూజా విధానం. పండుగకు కొన్నిరోజుల ముందే గంధపు చెక్కలను సానరాళ్ళపై అరగదీయడం మొదలవుతుంది. తదియకు ముందు రాత్రి అర్చకులు వెండి బొరిగెలతో పాత చందనాన్ని నెమ్మదిగా ఒలుస్తారు. ఆ చందనమే భక్తులకు ప్రసాదం. మరుసటి రాత్రి దర్శనాలు ముగిశాక గంగధార నీటితో సహస్ర ఘటాభిషేకం చేసి, మళ్ళీ మూడు మణుగుల చందనం, అనగా దాదాపు 125 కిలోలు పూస్తారు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పున్నములకు మూడేసి మణుగులు చొప్పున మొత్తం పన్నెండు మణుగులు. ఇంత గంధం తీయడమంటే ఎన్ని చేతులు అరగాలో ఊహించుకోవచ్చు.

గుడిలో కప్పస్తంభం ఉంది. దానిని కౌగిలించుకుంటే కోరికలు తీరుతాయని, ముఖ్యంగా సంతానం కలుగుతుందని నమ్మకం. రైతులు కోడెదూడలను మొక్కుగా సమర్పిస్తారు. సింహాచలం సంపెంగలకు ఎంత పేరో వేరే చెప్పనక్కరలేదు!

రాజులు వచ్చిన సంగతి గోడల మీదే ఉంది. 11వ శతాబ్దం చివరి నాటి కులోత్తుంగ చోళుని కాలపు శాసనం ఇక్కడ ఉంది. 13వ శతాబ్దంలో తూర్పు గాంగుల హయాంలో ఆలయం విస్తరించింది. కళింగ దండయాత్రలో 1516లో వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు 991 ముత్యాల హారం సమర్పించినట్లు శాసనం చెబుతోంది.

మరి మావంటి వారి ముత్తాతల మాట? వారి రాక ఏ శాసనంలోనూ లేదు. చందనం అందరికీ అడ్డమే, కానీ వారికి అంతకు ముందే గుడి తలుపు అడ్డం. మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. అప్పటిదాకా అస్పృశ్యులనబడిన వారికి ఏడాదిలో ఆ ఒక్కరోజు కూడా లోపలికి వెళ్ళే హక్కు చట్టంలో లేదు. బిడ్డకు అప్పన్న పేరు పెట్టుకున్నవారు అప్పన్నను చూడలేకపోయారన్నమాట. ఈనాడు మేము వరుసలో నిలబడి లోపలికి వెళ్తున్నామంటే ఆ చట్టం వెనుక పోరాడినవారిని కూడా తలచుకోవాలి.

ఈనాటి వరుసలు వేరు. ఉచిత దర్శనం ఒకటి, టిక్కెట్టు దర్శనాలు కొన్ని. 2025 ఏప్రిల్ 30న చందనోత్సవం నాటి తెల్లవారుజామున, వానకు 300 రూపాయల క్యూ పక్కనున్న గోడ కూలి ఏడుగురు మరణించారు. నిజరూపం చూడాలని వచ్చినవారు చూడకుండానే పోయారు.

మాలో చాలామందికి ఇష్టమైనది మాత్రం గిరిప్రదక్షిణ. దానికి టిక్కెట్టు లేదు, వరుస లేదు. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు కొండ దిగువన తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి బయలుదేరతారు. హనుమంతవాక, అప్పూఘర్, ఎన్.ఏ.డి. కూడలి, గోపాలపట్నం మీదుగా 32 కిలోమీటర్లు. చాలామంది చెప్పులు లేకుండానే నడుస్తారు, దారిలో సముద్రస్నానం చేస్తారు. రోడ్డు పొడవునా జనం మజ్జిగ, పులిహోర, మంచినీళ్ళు చేతికందిస్తారు. ఎవరూ ఎవరి కులమేమిటని అడగరు. రాత్రంతా నడక సాగుతూనే ఉంటుంది. తెల్లవారితే పున్నమి. నడిచినవారు బొబ్బలెక్కిన కాళ్ళతో మెట్లెక్కుతుంటారు. పైన స్వామికి ఆఖరి మూడు మణుగులు పూస్తారు.