కోహా – గ్రంథాలయములకొక కానుక

మన కోనసీమవలెనే కాలువల సీమయైన గుంటూరు మండలమున, 1935లో పాతూరి నాగభూషణము గారు కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ పడవపై గ్రంథాలయమును నడపిరి. పుస్తకము పాఠకుని చేరవలెనను ఆ యాశయమునకే నేడు కోహా యను సాఫ్టువేరు తోడ్పడుచున్నది.

న్యూజీలాండు దేశమున 1999లో దీని నిర్మాణ మారంభమై, 2000 జనవరిలో హోరోఫెనువా గ్రంథాలయములందు వాడుకకు వచ్చెను. మావోరీ భాషలో కోహా యనగా కానుక. కంప్యూటరు కొనవలెనే గాని దీనికి వెల లేదు. పుస్తకముల పట్టిక, ఎరువిచ్చుట, తిరిగి పుచ్చుకొనుట, గడువు దాటినవి తెలుపుట యన్నియు నిందు జరుగును. యూనికోడు పద్ధతి ననుసరించుటచే తెలుగు పేర్లను తెలుగు లిపిలోనే వ్రాయవచ్చును.

అయితే యొక చిక్కు కలదు. యంత్ర మక్షరములను పోల్చును గాని యర్థ మెఱుగదు. ఒకే గ్రంథకర్తను ఒకచోట ‘వీరేశలింగం’ అనియు, వేఱొకచోట ‘వీరేశలింగము’ అనియు వ్రాసినచో, వెదకువానికి కొన్ని పుస్తకములు కనబడకపోవచ్చును. బీరువాలో నున్నను అవి లేనట్లే. కావున ప్రతి కర్తకును ఒక్క రూపమును నిర్ణయించి, తక్కిన రూపములను దానికి జతపఱుపవలెను. కోహాలో నందులకు వేఱుగా నేర్పాటు కలదు.

విద్యార్థులారా, సాఫ్టువేరు కానుకగా వచ్చును. తప్పులేక వ్రాయు శ్రమ మనదే. దినమునకు పదేసి పుస్తకములు వ్రాసినను వేయి పుస్తకములు నూఱు దినములలో ముగియును.