వాల్వు కథ: బండి చక్రం నుంచి క్రయోజెనిక్ ట్యాంకు దాకా

2021 ఆగస్టు 12 తెల్లవారుజామున 5 గంటల 43 నిమిషాలకు శ్రీహరికోట రెండో ప్రయోగ వేదిక నుంచి జీఎస్ఎల్వీ-ఎఫ్10 రాకెట్ లేచింది. మొదటి రెండు దశలూ తమ పని సరిగ్గానే చేశాయి. మూడోదైన, అతిచల్లని ద్రవ ఇంధనంతో నడిచే క్రయోజెనిక్ దశ అందుకోవలసిన వేళకు, ఎగిరిన 297.3 సెకన్ల దగ్గర, లెక్క తప్పింది. 2,268 కిలోల ఈఓఎస్-03 ఉపగ్రహం కక్ష్యకు చేరకుండానే పోయింది. తుపాన్లు, వరదల వేళ మన దేశాన్ని తరచూ ఫొటోలు తీసి పంపడానికి తయారైన ఉపగ్రహం అది. బంగాళాఖాతం ఒడ్డున బతికేవాళ్లకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. కారణం వెతికిన కమిటీ చివరికి వేలెత్తి చూపింది ఒక వాల్వును, అందులోని ఒక మెత్తని సీలును.

ఆ సీలు సంగతి చెప్పాలంటే ముందు మన బండి చక్రం దగ్గరికి రావాలి.

1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. దాంతో పాటే ఒక చిక్కు పుట్టింది. గాలి లోపలికి పోవాలి, బయటికి రాకూడదు. సైకిలు తొక్కిన తరానికి వాల్ ట్యూబు బాగా తెలుసు. ఇత్తడి గొట్టానికి పక్కన చిన్న బెజ్జం, దాని మీద సన్నని రబ్బరు తొడుగు. పంపు గాలి ఆ రబ్బరును తోసుకుని లోపలికి పోతుంది. లోపలి గాలేమో అదే రబ్బరును బెజ్జానికి అదిమి పెడుతుంది. చాలా తెలివైన ఏర్పాటు. కాకపోతే అందులో ఒక లోటుంది: లోపల గాలి ఎంతుందో బయటి నుంచి గేజీ పెట్టి చూడడం కుదరదు. వేలితో నొక్కి చూసుకోవలసిందే.

ఆ లోటు తీర్చినవాడు అగస్ట్ ష్రేడర్. జర్మనీ నుంచి అమెరికా వెళ్లి, న్యూయార్క్‌లో స్థిరపడి, నీటి అడుగున పనిచేసేవాళ్లకు పరికరాలు తయారుచేసేవాడు. ష్రేడర్ టైరు వాల్వు పేటెంటు 1893 నాటిది. ఇవాళ కార్లకు, మోటారు సైకిళ్లకు మనం చూసేది ఆ వంశపు వాల్వే. గొట్టంలో ఒక పిన్ను, దానికి స్ప్రింగు, కింద చిన్న రబ్బరు వాషరు. పిన్నును నొక్కితే దారి తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. గాలి కొట్టేదీ, దింపేదీ, కొలిచేదీ అన్నీ ఆ ఒక్క దారిలోనే. నా దృష్టిలో ష్రేడర్ చేసిన గొప్ప మేలు ఆ చివరిది. కొలవడానికి వీలైన రోజునే గాలిని నమ్ముకోవడానికి వీలైంది.

తర్వాత ఆ గేజీయే చక్రం లోపలికి వెళ్లిపోయింది. అమెరికాలో టైర్ల పైపొర ఊడి వరుసగా ప్రమాదాలు జరిగాక 2000లో అక్కడ చట్టం వచ్చింది. 2007 సెప్టెంబరు నుంచి ప్రతి కొత్త కారులోనూ టైరు గాలిని కనిపెట్టి ఉండే ఏర్పాటు తప్పనిసరి అయింది. చాలా కార్లలో ఇది వాల్వు అడుగున, రిమ్ము లోపల కూర్చునే చిన్న డబ్బాలాంటి సెన్సరు. అందులో సిలికాన్ పొర ఒకటి గాలి ఒత్తిడికి వంగుతుంది. ఆ వంపు విద్యుత్ నిరోధంలో మార్పుగా మారి, రేడియో సంకేతమై డ్రైవరు ముందు అంకెగానో హెచ్చరిక దీపంగానో వెలుగుతుంది. బ్యాటరీ లోపలే సీలై ఉంటుంది. మన దేశంలో 2020లో మోటారు వాహనాల నిబంధనలు సవరించి, ఈ సెన్సర్లూ టైరు రిపేరు కిట్టూ ఉన్న ప్యాసింజరు కార్లకు స్టెప్నీ అక్కర్లేదన్నారు. అంటే స్టెప్నీ లేని బండికి ఆ వాల్వే దిక్కు.

దిక్కయిన వాల్వే విరిగితే? ఇది అరుదైన సంగతేమీ కాదు. సెన్సరు ఉన్న వాల్వు గొట్టాలను చాలావరకు అల్యూమినియంతో చేస్తారు. అందులో మామూలు ఇత్తడి పిన్ను పెట్టి, ఉప్పు తేమ తగలనిస్తే రెండు లోహాల మధ్య సన్నని విద్యుత్ చర్య మొదలై అల్యూమినియాన్ని తినేస్తుంది. పిన్ను బిగుసుకుపోతుంది. సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోటకు పోయే దారి లాంటి చోట్ల గాలిలో ఉప్పుకు కొదవలేదు. అలా పట్టేసిన క్యాపునో పిన్నునో బలవంతంగా తిప్పితే గొట్టమే పుటుక్కున విరుగుతుంది, ఉన్న గాలంతా ఒక్కసారిగా పోతుంది.

చాలామంది అప్పుడు మొత్తం సెన్సరు మార్చెయ్యాలనుకుంటారు. ఎన్నో రకాల్లో గొట్టం వేరు, సెన్సరు వేరు, మధ్యన ఒక స్క్రూ. టైరు అంచును రిమ్ము నుంచి వదిలించి, స్క్రూ విప్పి, పాత సెన్సరుకే కొత్త గొట్టం బిగించవచ్చు. రిమ్ముకు ఆనే రబ్బరు గ్రోమెట్టును మాత్రం మళ్లీ వాడకూడదు. ఒకసారి నలిగి ఒక ఆకారానికి అలవాటుపడ్డ రబ్బరు రెండోసారి గాలిని ఆపుతుందన్న నమ్మకం లేదు. పిన్ను నికెల్ పూత ఉన్నదే వెయ్యాలి. నట్టును కొలిచి బిగించే రెంచితో చెప్పినంతే బిగించాలి. ఎక్కువ బిగిస్తే అల్యూమినియం మళ్లీ చీలుతుంది.

అల్యూమినియం చీలడం శ్రీహరికోటకు తెలియని బాధ కాదు. 2013 ఆగస్టు 19న జీఎస్ఎల్వీ-డి5 ప్రయోగం 74 నిమిషాల్లో ఉందనగా రెండో దశ ఇంధనం కారుతున్నట్టు కనిపించి ఆపేశారు. ఆ ఇంధనపు ట్యాంకును చేసిన అల్యూమినియం మిశ్రమం బిగువులో ఎక్కువకాలం ఉంటే తుప్పుతో కలిసి పగుళ్లిచ్చే రకం. ట్యాంకును వేరే మిశ్రమంతో చేయించి, 2014 జనవరి 5న అదే పేరుతో ఎగరేశారు. నేల మీద ఉండగా కారడం కనిపిస్తే ఆపవచ్చు. మనుషులు దగ్గరికి వెళ్లగలరు, విప్పగలరు, మార్చగలరు.

ఎఫ్10కి ఆ అవకాశం దొరకలేదు. మైనస్ 253 డిగ్రీల దగ్గర ఉండే ద్రవ హైడ్రోజన్ ఎప్పుడూ కొంత ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి ఒత్తిడి హద్దు దాటితే బయటికి వదలడానికి ట్యాంకు మీద ఒక వాల్వుంటుంది. కుక్కరు మీద వెయిటు చేసే పనే అది. హద్దు దాటనప్పుడు బిగుతుగా మూసుకుని ఉండాలి. ఆ రోజు మూసుకోలేదు. ఎగిరాక ట్యాంకులో పెరగవలసినంత ఒత్తిడి పెరగలేదు. ఆ ఒత్తిడి ఎందుకంటే, ట్యాంకు లోపల ఇంధనాన్ని ముందుకు తోసే చిన్న బూస్టరు పంపు ఉంటుంది. దానికి ద్రవం తగిన ఒత్తిడితో అందాలి, లేకపోతే పంపు నోటి దగ్గరే బుడగలు పుట్టి పట్టు తప్పుతుంది. ఇంజను అంటుకునే వేళకు ఒత్తిడి చాలలేదు. పంపు నడక గాడి తప్పింది. ప్రయోగాన్ని ఆపేసే ఆదేశం వెలువడింది.

కంప్యూటరు లెక్కలతోనూ, నేల మీద అవే పరిస్థితులు కల్పించి చేసిన పరీక్షలతోనూ కమిటీ దీన్ని సరిచూసింది. మెత్తని సీలు దెబ్బతినడమే వాల్వు కారడానికి ఎక్కువ అవకాశమున్న కారణమని తేల్చింది. వాల్వు తెరుచుకుని మూసుకునేటప్పుడు దెబ్బతిని ఉండవచ్చు. లేదా మలినం చేరి, అంతటి చలిలో బిగింపుల వల్ల భాగాల మీద లాగుడు పడి ఉండవచ్చు. మామూలు రబ్బరు పెళుసై పగిలే చలిలో మెత్తదనం నిలుపుకోవడం ఏ పదార్థానికైనా కఠినమైన పరీక్షే.

నన్ను ఆలోచింపజేసింది కమిటీ సూచించిన మందు. వాల్వును, దానికి కలిసే గొట్టాలను గట్టిపరచమన్నారు, అది ఊహించిందే. ఇంజను అంటుకునే ముందు ట్యాంకులో ఒత్తిడి కచ్చితంగా ఉండేలా, లోపలికి ఒత్తిడి ఎక్కించే ప్రత్యేక ఏర్పాటు పెట్టమన్నారు. క్రయోజెనిక్ దశలో మరికొన్ని కొలతలను యంత్రమే చూసి, అన్నీ సరిగ్గా ఉంటేనే ఎగరడానికి అనుమతి ఇవ్వాలన్నారు. కారులో హెచ్చరిక దీపం వెలిగితే డ్రైవరు బండి పక్కకు తీసి గాలి కొట్టించుకుంటాడు. రాకెట్‌కు పక్కకు తీసే దారి లేదు. అందుకే గాలి కొట్టేవాణ్ణి కూడా వెంట పంపవలసి వచ్చింది.

2023 మే 29న జీఎస్ఎల్వీ-ఎఫ్12 ఎన్‌వీఎస్-01 ఉపగ్రహాన్ని కక్ష్యకు చేర్చింది. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి 100వ ప్రయోగంగా ఎఫ్15 లేచింది. క్రయోజెనిక్ దశ చక్కగా పనిచేసి ఎన్‌వీఎస్-02ను అనుకున్న చోట విడిచిపెట్టింది. ఆ తర్వాత ఉపగ్రహం తన ఇంజన్లతో పైకి ఎక్కవలసిన వేళ, ఆక్సీకరణిని లోపలికి వదలవలసిన వాల్వులు తెరుచుకోలేదు.