సముద్ర శాస్త్ర విద్య: ఇంటర్ గ్రూపుతోనే మార్గ నిర్ణయం

కాకినాడ: కోరింగ నుండి నరసాపురం వరకు గోదావరి డెల్టా తీరంలో వేలాది కుటుంబాలకు సముద్రమే జీవనాధారం. ఆ కుటుంబాల పిల్లలు సముద్ర శాస్త్ర రంగంలో ప్రవేశించుటకు ఇంటర్మీడియట్‌లో ఎంచుకొను గ్రూపు కీలకమైనది.

బైపీసీ విద్యార్థులు ఈఏపీసెట్ ద్వారా నాలుగేళ్ల బీఎఫ్ఎస్సీ కోర్సులో చేరవచ్చును. పట్టభద్రులకు మత్స్యశాఖలోను, రొయ్య హేచరీలలోను, సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థలలోను అవకాశములు గలవు. నరసాపురం కేంద్రంగా రాష్ట్ర మత్స్య విశ్వవిద్యాలయ స్థాపనకు 2020లో చట్టం రూపొందినది.

ఎంపీసీ వారికి బీఎఫ్ఎస్సీ ప్రవేశం లేకున్నను, గణితం, భౌతికశాస్త్రాలతో డిగ్రీ పూర్తిచేసి విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాలు అభ్యసించవచ్చును. హైదరాబాద్‌లో 1999లో ఏర్పాటైన ఇన్‌కాయిస్ వంటి సంస్థలకు ఇట్టి నిపుణులు అవసరం. ఉపగ్రహ సమాచారంతో చేపలు లభించు ప్రాంతాలను మత్స్యకారులకు తెలుపుచున్నది, 2007 నుండి సునామీ హెచ్చరికలు జారీచేయుచున్నది ఈ సంస్థయే.

అందువలన పదవ తరగతి పూర్తికాకముందే ఉపాధ్యాయులు ఈ రెండు మార్గాలను విద్యార్థులకు, తల్లిదండ్రులకు వివరించుట అవసరం.